ఒకటో బేస్‌కీ రెండో బేస్‌కీ నడుమ

ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ బాబ్జాన్ కాళ్ళు బాబ్జాన్ మాట వినడం లేదు. మడమలు వాటంతటవే లేస్తున్నాయి, వాలుతున్నాయి, ఎడమ మోకాలు సన్నగా అదురుతూనే ఉంది, ఎక్కడో ఎవరో బంతి విసరబోతున్నట్టు, విసిరేలోపు తను బయల్దేరాలన్నట్టు. ఇక్కడ విసిరేవాళ్ళెవరూ లేరు. సౌదీలోని అల్ ఖోబర్‌లో సముద్రం వైపున్న ఒక హోటలు, మూడో అంతస్తు, తివాచీ పరిచిన పొడవాటి నడవా, చివర మూసిన తలుపు. తలుపు వెనక బేస్‌బాల్ లీగు రూల్స్ కమిటీ వాళ్ళు. పది నిమిషాల్లో పిలుస్తారు, ఇక్కడే కూర్చో అని చెప్పి ఇష్తియాక్ భాయ్ లోపలికి పోయి నలభై నిమిషాలైంది. లాహోర్ మనిషి ఇష్తియాక్, ఖోబర్ జట్టుకు ఒకటో బేస్ దగ్గర నిలబడే కోచ్, బాబ్జాన్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక ఈరోజుకు బాబ్జాన్ నోరు కూడా అతనే. పోతూ పోతూ భుజం మీద చెయ్యేసి, ఎక్కువ మాట్లాడొద్దు, ఒక్క మాట చాలు, హాద్‌సా థా, ప్రమాదం, అంతే అన్నాడు. హాద్‌సా. ఆ మాటను బాబ్జాన్ వక్కలా బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు, కొరకబుద్ధి కాదు, ఉమ్మడానికి చోటు లేదు.

లోపల తేల్చేది ఒక్క సంగతే, దానికి రెండు కొసలు. ఈ ఆటలో బంతి కొట్టినవాడు మూడు తెల్లదిండ్లను, అంటే బేస్‌లను, వరుసగా తాకి, కొట్టిన చోటికి, ఇల్లంటారు దాన్ని, తిరిగొస్తే ఒక పరుగు. ఈ లీగులో ఒక వెసులుబాటు ఉంది, బ్యాటు పట్టకుండా, బంతి విసరకుండా, ఉత్త పరుగు కోసమే ఒక మనిషిని జట్టులో ఉంచుకోవచ్చు. ఎవరైనా కొట్టి ఒకటో బేస్ చేరితే అతన్ని పక్కన కూర్చోబెట్టి ఆ పరుగు మనిషిని అక్కడ నిలబెట్టొచ్చు. నాలుగు జట్లలో అలాంటి మనిషి ఒక్కడే, బాబ్జాన్. ఆ వెసులుబాటు తీసెయ్యాలన్నది మొదటి కొస. రెండు బేస్‌ల నడుమ ఇరుక్కున్న పరుగు మనిషిని ఫీల్డర్ల మూడో విసురుతో ఔటైనట్టే లెక్కేయాలన్నది రెండోది. ఏ కొస తెగినా తెగేది తనే. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డులో వృత్తి దగ్గర ఆమిల్, అంటే కూలి, అని ఉండేది పోయి లాయిబ్, ఆటగాడు, అని పడిన రోజు ఆ కార్డును ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో. అరబ్బీ చదవడం రాదు, ఆ ఒక్క మాట ఆకారం మాత్రం కంఠతా వచ్చేసింది, మొదట్లో కలిసిపోయిన రెండు గీతలు, చివర కింద చుక్క ఉన్న పడవ. ఇప్పుడు ఆ మాట కొట్టేస్తారు, ఇక తిరిగి రానక్కర్లేదని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర వేస్తారు, కదిరిలో బస్సు దిగుతాడు. దిగితే దిగనీ. దానికి కాదు ఈ వణుకు. దానికే అయితే ఎంత బాగుండును.

కదిరి హైస్కూలు గ్రౌండులో ఎర్రమట్టి మీద నీళ్ళు చల్లి ఖోఖో కోర్టు గీసేవాళ్ళు. ఎనిమిది మంది వరుసగా గొంతుక్కూర్చుంటారు, ఒకడు ఇటు తిరిగి, ఒకడు అటు తిరిగి. తరిమేవాడు ఎప్పుడూ ఒక్కడే. వాడు అలిసిపోతే కూర్చున్నవాడి వీపు తట్టి ఖో అంటాడు, అప్పుడు ఇంకొకడు లేస్తాడు, లేచిన ఆ ఒక్కడే శత్రువు. ఒక్కడి కళ్ళు, ఒక్కడి ఊపిరి, ఒక్కడి భుజం ఎటు వాలుతుందో చూసుకుంటే చాలు. ఓబులయ్య సార్ విజిల్ నోట్లో పెట్టుకునే అరిచేవాడు, వాని కాళ్ళు జూడద్దురా, భుజం జూడు, కాళ్ళు అబద్ధమాడతాయి అని. బాబ్జాన్ దొరికేవాడు కాదు. జిల్లాకు ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, తొమ్మిది నిమిషాల పాటు ఒక్కడే మిగిలి తప్పించుకు తిరిగిన మ్యాచి ఒకటుంది, అది చూసినవాళ్ళు కదిరిలో ఇప్పటికీ ఉంటారు. ఆ ఆట అన్నం పెట్టలేదు, అది వేరే సంగతి, దానికెవరి మీదా కోపం లేదు. కానీ ఆ ఆటలో ఇద్దరు ఒకేసారి మీదికి రావడమనేది లేదు. ఆ ఆట కనిపెట్టినవాడెవడో పుణ్యాత్ముడు, ఒక మనిషి మీదికి ఒక మనిషే రావాలన్నాడు.

దమ్మాంలో గోడౌనులో అట్టపెట్టెలు మోస్తున్నప్పుడు ఫోర్‌మన్ నవ్వుతూ చెప్పాడు, ఏదో కొత్త ఆటకు పరుగెత్తేవాళ్ళు కావాలంట, తిండి కూడా పెడతారంట అని. సెలవు రోజు పోయాడు. నూటయాభై మంది వచ్చారు, బూట్లున్నవాళ్ళు, బూట్లు లేనివాళ్ళు, సూడానీలు, నేపాలీలు. బాబ్జాన్ నిలబడి కాదు, గొంతుక్కూర్చుని లేచి పరుగెత్తాడు, అలవాటు అదే మరి. డొమినికన్ ముసలాయన ఒర్లాండో, ఖోబర్ జట్టు పెద్ద కోచ్, చేతి గడియారం చూసుకుని మళ్ళీ పరుగెత్తమన్నాడు, మళ్ళీ, మళ్ళీ. ఆనక ఫోనులో ఖోఖో వీడియో చూపిస్తే ఆ ముసలి కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళయ్యాయి. ఎత్తు ఆయన వేసిందే. మూడో బేస్ మీద మన మనిషి ఒకడు ఉన్నప్పుడు ఒకటో బేస్ మీద బాబ్జాన్‌ను నిలబెడతాడు. బాబ్జాన్ కావాలనే దారి మధ్యలోకి పోయి ఇరుక్కుంటాడు. రెండువైపుల నుంచీ ఇద్దరు బంతి విసురుకుంటూ అతన్ని మూస్తూ వస్తారు, బంతి ఒంటికి అద్దితే ఔట్. వాళ్ళు అతన్ని తరిమినంతసేపూ మూడో బేస్ మనిషి సందు చూసుకుని ఇంటికొచ్చేస్తాడు, పరుగు లెక్కకొస్తుంది. బాబ్జాన్ పట్టుబడినా పరవాలేదు. పట్టుబడకపోతే ఇంకా మేలు. దారికి మూడడుగులకు మించి పక్కకు జరిగితే ఔట్, కనుక ఆ మూడడుగుల సందులోనే తొమ్మిది నిమిషాల విద్యంతా చూపించాలి. మొదటి సీజను జనం పడీపడీ నవ్వారు. రెండో సీజను తబూక్ జట్టు వాళ్ళు, హాయిల్ జట్టు వాళ్ళు లీగుకు కాగితాలు రాశారు, ఇది ఆట కాదు సర్కసు, వాడు ఆటగాడు కాదు, వానికి బంతి పట్టుకోవడమే రాదు అని. నిజమే. రెండేళ్ళలో బంతి తన చేతికి తగిలిందే లేదు, ఎవరో ఒకరు వీపున అద్దితే తగిలింది, అంతే.

అలా ఇరుక్కోవడాన్ని వాళ్ళ భాషలో పికిల్, అంటే ఊరగాయ, అంటారు. ఆ సంగతి అతనికి చెప్పింది స్టాన్లీ. తబూక్ జట్టు రెండో బేస్ కుర్రాడు, నరసాపురం వైపు, కాలేజీలో బేస్‌బాల్ ఆడి వచ్చినవాడు, నిజమైన ఆటగాడు. మొదటిసారి బాబ్జాన్ దుమ్ము రేపుకుంటూ జారి అతని కాళ్ళ దగ్గర పడినప్పుడు, అమ్మా అని నోట్లోంచి వచ్చిన మాటకు పైనుంచి నవ్వు వినబడింది, తెలుగోడివా గురూ. ఆ రోజు నుంచీ రెండో బేస్ అంటే బాబ్జాన్‌కు ఒక ఇల్లు. లీగు మొత్తంలో తెలుగు వినిపించే చోటు అదొక్కటే, జానెడు తెల్లదిండు చుట్టూ. వచ్చావా, ఏం తిన్నావు, మా అక్క చేపల పులుసు పంపింది, నీకు దాచానులే. మళ్ళీ ఊరగాయలో పడ్డావు గురూ, ఈసారి తొక్కు తీసేస్తా చూడు. అనేవాడు, తరుముతూ కూడా బాబ్జాన్ మొహంలోకే చూస్తూ నవ్వేవాడు. ఫీల్డరన్నవాడు బంతిని చూడాలి, పక్కవాణ్ణి చూసుకోవాలి. స్టాన్లీ బాబ్జాన్‌ను చూసేవాడు.

లిఫ్టు తెరుచుకున్న చప్పుడు. బాబ్జాన్ తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు, అప్పటికే ఆలస్యమైంది, ఆమె చూసేసింది. కృపామణి, స్టాన్లీ అక్క. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, పన్నెండేళ్ళుగా. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టుంది, నల్ల అబాయా అంగీ కింద తెల్ల బూట్లు. స్టాన్లీని చేర్చింది ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే, ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో బాబ్జాన్ రెండుసార్లు ఆ గేటు దాకా పోయి రెండుసార్లూ వెనక్కొచ్చాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టించుకోవడానికి వీపు సిద్ధం చేసుకున్నాడు. ఆమె మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. తననూ పిలిచారని, కుటుంబం తరఫున వినడానికని, నెమ్మదిగా చెప్పింది. సంచీ జిప్పు తీసి, మళ్ళీ వేసింది.

"స్టాన్లీ మీకొక మాట చెప్పమన్నాడండీ," అంది చివరికి. "రూలు మార్చొద్దని మీరు లోపల చెప్పాలంట. ఆ ఆట తప్పు అని తేల్చేస్తే తన మెడ ఉత్తినే విరిగినట్టంట. ఆటలో విరిగిందని ఉండాలంట. నాకర్థం కాలేదు, వాడికి మాత్రం అదే ముఖ్యం."

బాబ్జాన్ తలూపాడు. ఊపాడో లేదో అతనికే తెలియదు.

"ఇంకోటి," అందామె, గొంతు కొంచెం మెత్తబడింది. "మీ మీద కోపంగా ఉండేది నాకు. వాడే పోగొట్టాడు. చివర్లో తనని పేరు పెట్టి పిలిచింది మీరొక్కరేనంట కదా. గుద్దుకుంటావు, ఆగమని అరిచారంట. వినపడిందంట వాడికి. ఆగలేకపోయాను గానీ బాబ్జాన్ పిలిచాడక్కా అని రోజూ చెప్తాడు."

రోజూ చెప్తాడు. ఆ మాట పక్కటెముకల సందులోంచి లోపలికి పోయి అక్కడే తిరుగుతోంది. పిలిచాడు, అవును, పేరు పెట్టి పిలిచాడు. ఆ సాయంత్రం ఖోబర్ గ్రౌండు, చలికాలపు ఎండ ఏటవాలుగా, మూడో బేస్ మీద మనవాడు, స్కోరు సమానం. బాబ్జాన్ దారి మధ్యలోకి పోయాడు, ఇరుక్కున్నాడు, వెనక నుంచి ఒకటో బేస్ కొరియా మనిషి, ఆరడుగులకు పైనే, ముందు నుంచి స్టాన్లీ. రెండు విసుర్లు, మూడు విసుర్లు, సందు కుంచించుకుపోతోంది. ఇద్దరు మీదికొస్తే ఏం చెయ్యాలో ఖోఖో నేర్పలేదు, ఇక్కడే నేర్చుకున్నాడు. ఇద్దరూ బంతినే చూస్తారు, ఒకరినొకరు చూసుకోరు. అరక్షణం ఎక్కువ నిలబడి, ఇద్దర్నీ పూర్తిగా రానిచ్చి, అప్పుడు నేలకు జారిపోతే ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. అంతకుముందు ఆరేడుసార్లు అలా చేశాడు, భుజాలు రాసుకునేవి, పడేవాళ్ళు, దుమ్ము దులుపుకుని నవ్వుకుంటూ లేచేవాళ్ళు, ఒర్లాండో పిడికిలి బిగించి గాల్లో ఊపేవాడు. ఆ రోజు స్టాన్లీ తల కొంచెం తిప్పాడు. కొరియా మనిషిని చూశాడు, చూడబోయాడు, అడుగు తగ్గించబోయాడు. అడుగు తగ్గితే ఎత్తు పారదు. అప్పుడు బాబ్జాన్ పిలిచాడు. స్టాన్లీ, ఈడ, ఈడ జూడు. నవ్వుతూ పిలిచాడు, రెండో బేస్ దగ్గర మాట్లాడుకునే గొంతుతోనే. గ్రౌండులో ఆ మాట అర్థమయ్యేది ఒక్కడికే. ఆ ఒక్కడూ చూశాడు. బాబ్జాన్ నేలకు జారాడు. పైన చప్పుడైంది, ఎండిన కట్టె విరిగినట్టు కూడా కాదు, తడిబట్ట బండ మీద వేసినట్టు. కాళ్ళు మాత్రం ఆగలేదు. రెండో బేస్ మీద ఎవరూ లేరు, పోయి నిలబడ్డాడు. మూడో బేస్ మనిషి ఇంటికొచ్చాడు, చప్పట్లు, పరుగు లెక్కకొచ్చింది. ఆ తెల్లదిండు మీద నిలబడి చెయ్యెత్తి ఒర్లాండో వైపు చూశాడు, ఎత్తిన చెయ్యి అది, దాన్ని నరికేసినా ఎత్తింది ఎత్తిందే. అప్పుడు వెనక్కి తిరిగాడు. స్టాన్లీ వెల్లకిలా, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చెయ్యి లేవట్లేదు గురూ, అన్నాడు, ఏదో తమాషా చెబుతున్నట్టు.

వీడియోలు అన్నివైపుల నుంచీ ఉన్నాయి. గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. ఆరు వారాలుగా బాబ్జాన్ వెతుకుతున్నది అదే, ఎవరికైనా వినబడి ఉంటుందా అని, మొదట భయంతో వెతికాడు, తర్వాత తర్వాత ఆశతో. ఎవరైనా ఒకడొచ్చి నువ్విట్లా పిలిచావు కదా అంటే చాలు, కాళ్ళ మీద పడేవాడు. ఎవరూ రాలేదు. తలుపు తెరుచుకుని ఇష్తియాక్ తల బయటపెట్టాడు, ఆజావ్, రా, అన్నాడు. కృపామణి కూడా లేచింది. ఆమెను ఇంకాసేపు ఆగమన్నాడు ఇష్తియాక్.

లోపల గుండ్రటి బల్ల, నీళ్ళ సీసాలు, గోడ మీద తెర, తెర మీద తనే, రెండు నీడల నడుమ ఆగిపోయిన ఒక వంగిన వీపు. ఒకాయన ఏదో అడిగాడు మర్యాదగా. ఇష్తియాక్ ఉర్దూలో చెప్పాడు, ఆ రోజేం జరిగిందో నీ మాటల్లో చెప్పమంటున్నారు. ఉర్దూ సరిగా రాదని, తురకం రాని దూదేకులోడు అని గోడౌనులో హైదరాబాదు వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు, వచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుని బాబ్జాన్ చెప్పాడు. మైనే బులాయా. నామ్ లేకే. జాన్‌బూఝ్‌కే. పిలిచాను, పేరు పెట్టి, తెలిసే. ఇష్తియాక్ చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నిన్నిక్కడి నుంచి జైలుకు పంపను అన్న మొండితనం ఉంది, అన్న తమ్ముణ్ణి చూసినట్టు ఉంది. తర్వాత బల్ల వైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడాడు. బాబ్జాన్‌కు అందులో రెండు మాటలు తెలిశాయి, యాక్సిడెంట్, సారీ. కాదు, అన్నాడు బాబ్జాన్ తెలుగులోనే, కాదు సార్, నో. బల్ల చుట్టూ అందరూ జాలిగా తలలూపారు. కుర్రాడు చాలా బాధపడుతున్నాడు అని ఒకాయన పక్కాయనతో అన్నట్టుంది. తర్వాత ఒక కాగితం తీసి చదివారు. ఇష్తియాక్ గుసగుసగా చెప్పాడు, పొద్దున్నే తేల్చేశారంట. రెండూ మారుస్తున్నారు, వచ్చే వారం నుంచే. కారణం స్టాన్లీ కాదు, ఆ పరుగుల వల్ల ఆట మరీ సాగుతోందని, టీవీ వాళ్ళ సమయానికి కుదరడం లేదని. అడగడమంటే మర్యాదకు అడిగారు. బాబ్జాన్ చేతికొక నీళ్ళ సీసా ఇచ్చి పంపారు.

నడవాలో కృపామణి నిలబడే ఉంది. ఇష్తియాక్ ఆమెకు హిందీలో రెండు ముక్కల్లో నిర్ణయం చెప్పి, ఇంక మీరు లోపలికి రావాల్సిన పని లేదంట అని చెప్పలేక చెప్పి, మళ్ళీ లోపలికి పోయి తలుపు మూసుకున్నాడు. ఇప్పుడు నడుమ ఎవరూ లేరు. ఇద్దరు మనుషులు, ఒక భాష.

"అక్కా," అన్నాడు బాబ్జాన్, "నేను ఆగమని పిలవలేదు. ఈడ జూడు అని పిల్చినా. వాడు పక్కకు జూస్తాంటే, జూడనీకుండా పిల్చినా. కావాలనే. లోపల చెప్పినా, ఎవురికీ ఎక్కలే."

పేషెంటు మంచం పక్కన చెడ్డ రిపోర్టు చదివేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మొహం, కళ్ళు మాత్రం చదివిన వరుసనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నట్టు. కొడుతుందేమో అనుకున్నాడు, కొట్టాలని కోరుకున్నాడు. ఆమె చెయ్యి గోడకు ఆనించుకుంది. మీరు అనే మర్యాద ఆమె నోట్లోంచి పోయింది.

"వాడికి చెప్పావంటే నిన్ను చంపేస్తాను," అంది, గొంతు పెంచకుండా. "నీ బరువు దించుకోడానికి వాడి దగ్గరికి రాకు. మెడ కింద వాడికేం లేదిప్పుడు. నువ్వు పిలిచావన్నదొక్కటే ఉంది."

ఆమె సంచీలో ఫోను మోగింది. మోగనిచ్చింది. ఆగి మళ్ళీ మోగింది. వాడే, అంది, డ్యూటీ సిస్టర్‌తో చేయిస్తాడు, ఎత్తకపోతే మానడు. ఎత్తి, ఒక్క క్షణం తను చూసి, బాబ్జాన్ వైపు తిప్పింది. తెర నిండా స్టాన్లీ మొహం, గడ్డం పెరిగి, మెడకు తెల్ల కాలరు, ఎవరిదో బొటనవేలు తెర అంచున.

"ఏవన్నారు గురూ?"

బాబ్జాన్ ఫోను పైనుంచి ఆమెను చూశాడు. ఆమె గోడను చూస్తోంది.

"మార్చలేదు," అన్నాడు. "రూలు అట్లే ఉండాది."

స్టాన్లీ కళ్ళు మూసుకున్నాడు. తెరిచినప్పుడు అవి మెరుస్తున్నాయి. చెప్పేనా, అన్నాడు, చెప్పేనా అక్కా, ఆటంటే ఆటే అని. వచ్చే ఏడు ఎవడు పట్టుకుంటాడో నిన్ను, తను టీవీలో చూస్తాడంట, ఫిజియో చేయిస్తున్నారంట, వేలు కదిలినట్టుందంట మొన్న. కృపామణి పెదవులు బిగించింది. వేలు కదల్లేదని ఆ పెదవులే చెప్పాయి. తర్వాత స్టాన్లీ కాసేపు ఆగాడు, ఊపిరి అందుకోవడానికి.

"ఒకటడుగుతాను గురూ. నా పేరు వినపడింది. తర్వాతేదో అన్నావు, అది సరిగ్గా వినపళ్ళేదు. ఏవన్నావు?"

"ఆగు అన్నా," అన్నాడు బాబ్జాన్.

"అదే," అన్నాడు స్టాన్లీ. "అదే అనుకున్నా."

తెర నల్లబడింది. కృపామణి ఫోను సంచీలో వేసుకుని, తలగుడ్డ సరిచేసుకుని, లిఫ్టు దగ్గరకు నడిచింది. తలుపులు తెరుచుకున్నాక లోపల నిలబడి, అవి మూసుకోకుండా ఆపే మీట మీద వేలుంచి అతని కోసం కొంచెంసేపు చూసింది. అతను కదల్లేదు. ఆమె వేలు తీసేసింది.